పొట్టి ముక్కు, ఇరుకు గొంతు

ఆయన పశుసంవర్ధక శాఖలో జీవితమంతా పనిచేసి నెల్లూరులో స్థిరపడ్డ డాక్టరు. ఆమె ఆయన మేనకోడలు. తిరుపతిలో వెటర్నరీ చదివి, ఇప్పుడు స్కాట్లండ్ దక్షిణపు కొసన, ఇంగ్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలకీ ఆవులకీ వైద్యం చేస్తోంది. సంక్రాంతికి ఆమె వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఏదో ఒక జీవం మీద పోట్లాడుకుంటారు. ఈసారి వంతు టెక్సెల్ గొర్రెది. నెదర్లాండ్స్ ఉత్తరాన ఒక చిన్న దీవి దాని పుట్టిల్లు. 1970లలో బ్రిటన్ చేరింది, ఇవాళ అక్కడ మాంసం గొర్రెల మాట వస్తే ముందు దాని పేరే చెబుతారు. తెల్లటి మొహం, అదీ పొట్టిగా వెడల్పుగా. వెనక తొడలు మాత్రం చూసి తీరాలి. పక్కన కూర్చుని విన్న నేను ఎవరి పక్షమో చదివేవాళ్లకు తెలిసిపోవచ్చు. దాచడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

మామయ్య: రోగం వచ్చిన ప్రతిసారీ జాతిని తిట్టడం నాకు నచ్చదమ్మాయ్. గొర్రెకి ఊపిరాడలేదంటే క్రిమి ఉంటుంది, కొట్టంలో దుమ్ము ఉంటుంది, నట్టల మందు పోసినవాడి మొరటు చెయ్యి ఉంటుంది. డ్రెంచింగ్ గన్ మొన గుచ్చుకుని గొంతులో చీము పట్టిన జీవాల్ని నేనెన్ని చూడలా? అవేం నీ టెక్సెల్ గొర్రెలు కావు, మన నెల్లూరు జోడిపివే గదా.

మేనకోడలు: గన్ గుచ్చుకుంటే గొంతు వెనకభాగంలో చీము పడుతుంది మామయ్యా. దవడ కింద వాస్తుంది, మేత మింగలేదు, నోటి వెంట కంపు. నేను చెప్పేది ఇంకాస్త కిందది. స్వరపేటికలో రెండు చిన్న మృదులాస్థులు తలుపు రెక్కల్లా ఉంటాయి కదా, ఊపిరి పీల్చినప్పుడల్లా తెరుచుకోవాల్సినవి. ఈ రోగంలో అవి వాచి, లోపల చీముగడ్డ కట్టి, తెరుచుకోవడం మానేస్తాయి. ఎక్కువగా వచ్చేది టెక్సెల్‌కి, బెల్టెక్స్‌కి, సౌత్‌డౌన్‌కి. మూడూ పొట్టి మొహాలే. అక్కడే పక్క కొండ మీద, అదే వానలో తిరిగే బ్లాక్‌ఫేస్ గొర్రెల్లో నేనింతవరకూ చూడలేదు. రైతులు దీన్ని టెక్సెల్ థ్రోట్ అనే పిలుస్తారు.

మామయ్య: పిలుస్తారులే. జనం పెట్టిన పేరు రుజువు కాదు. చీము పట్టిందంటున్నావు, చీములో ఏం దొరికింది?

మేనకోడలు: ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరం, ట్రూపెరెల్లా పయోజెనెస్.

మామయ్య: చూశావా! మొదటిది గిట్టలు కుళ్లినప్పుడు కూడా ఉండేదే. దూడల గొంతులో పుండ్లు పుట్టించేదీ అదే. మురికి కొట్టంలో ఎక్కడపడితే అక్కడుంటుంది. మరి జాతి తప్పెక్కడిది? కొట్టం ఊడ్చుకోమను.

మేనకోడలు: ఎక్కడపడితే అక్కడుండే క్రిమి అన్ని గొర్రెల గొంతులోకీ ఎందుకు దిగదు? దాని పాటికి దానికి లోపలికి దారి లేదు. పైపొర చిట్లితే తప్ప మృదులాస్థిలోకి పోలేదు. పొట్టి తలలో స్వరపేటికకి చోటు తక్కువ. పీల్చిన ప్రతిసారీ గాలి ఒరుసుకుంటూ పోతుంది, రెండు రెక్కలూ ఒకదానికొకటి రాసుకుంటాయి, అక్కడ పొర పుండు పడుతుంది. ఆ తర్వాత క్రిమి వస్తుంది. మీరు చివర వచ్చినవాణ్ణి పట్టుకుని వాడే దొంగ అంటున్నారు.

మామయ్య: రాసుకుంటుందని నువ్వంటున్నావు. అది ఒక ఊహ. నా ఊహ నేనూ చెబుతా. ఇది పొట్టేళ్లకే ఎక్కువంటావు, అదీ చలికాలం ముందు, ఎదకాలంలో అంటావు. ఎదకాలంలో పొట్టేలు ఊరుకోదు. రోజంతా అరుస్తుంది, పక్క దొడ్లో పొట్టేలుతో ఢీకొంటుంది. దానికి తోడు అమ్మకానికి తయారు చెయ్యాలని దాణా మీద దాణా పెట్టి, కొట్టంలో కట్టేసి బలిపించి ఉంటారు. గొంతు చుట్టూ కొవ్వు, ముక్కు నిండా దుమ్ము. ఇదంతా పెంపకం. ఎముక కాదు.

ఇది మామయ్య గట్టిగా పట్టుకున్న చోటు. ఆయన మాటలో బలం లేకపోలేదు. అక్కడి పరిశోధకులు కూడా కారణం ఇదొక్కటేనని తేల్చి చెప్పరు. తల ఆకారం, వయసు, ఆడా మగా తేడా, మేపే తీరు, క్రిములు, అన్నీ కలిసి పనిచేస్తాయనే అంటారు. కానీ అన్నీ కలిసినప్పుడు మనిషి మార్చగలిగింది ఏదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మేనకోడలు అటు వెళ్లకుండా ఒక కేసు చెప్పింది. నేను దాన్ని ఆమె మాటల్లోనే ఉంచుతున్నాను.

మేనకోడలు: అక్టోబరు చివర. ఫోన్లో రైతు, "పొట్టేలు గురక పెడుతోంది" అన్నాడు. వెళ్లేసరికి షెడ్డు బయటికే వినిపిస్తోంది ఆ చప్పుడు, రంపం పచ్చికర్రలో ఇరుక్కున్నట్టు. లోపల ఏడాదిన్నర పొట్టేలు. మెడ ముందుకు చాచింది, నోరు తెరిచింది, ముక్కుపుటాలు పూర్తిగా విచ్చుకున్నాయి, పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య కండ లోపలికి పోతోంది. రైతు పట్టుకుని ఈడ్చుకొస్తానన్నాడు. వద్దని అరిచాను. అలాంటి దాన్ని ఈడిస్తే అక్కడికక్కడే పోతుంది. బెదిరితే గట్టిగా పీలుస్తుంది, గట్టిగా పీలిస్తే వాచిన రెక్కలు ఇంకా లోపలికి లాగుకుంటాయి. దారి వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు 16 రెట్లవుతుంది, చదువుకున్నాం కదా. అంటే ఇంకో మిల్లీమీటరు వాపు చాలు.

మామయ్య: వాపు తగ్గడానికి డెక్సా ఇచ్చావా?

మేనకోడలు: నిలబడ్డ చోటే ఇచ్చాను. అది పనిచేసేదాకా ఆగే తీరిక లేదు. నాలుక నీలం తిరిగింది. మెడ మధ్యలో ఉన్ని కత్తిరించి, మత్తు సూది వేసి, నడిమిగీత మీద కోసి, కండ పక్కకి తప్పించి, శ్వాసనాళం రెండు కట్ల మధ్య గాటు పెట్టాను. గాటు పడగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఆ గాలితో పాటు నెత్తురు తుంపర్లు నా కళ్లద్దాల మీద. గొట్టం పెట్టి కుట్టాను. రెండు నిమిషాల్లో చిగుళ్లు ఎర్రబారాయి. ఆ పొట్టేలు లేచి, గొంతులో గొట్టంతోనే, పక్కనున్న బకెట్లో దాణా తినడానికి తల పెట్టింది. మామయ్యా, అంతసేపూ ఆకలి మీదే ఉందది.

మామయ్య: బతికిందా?

మేనకోడలు: బతికింది. యాంటీబయాటిక్ వారాల తరబడి ఇప్పించాను. మృదులాస్థికి రక్తం అందేది తక్కువ, మందు అక్కడికి చేరదు. నాలుగు రోజులిచ్చి ఆపేస్తే చీము మళ్లీ మొదలు. వాపు తగ్గాక గొట్టం తీసేశాం. అసలు గొడవ అక్కడినుంచే మొదలు. మరుసటేడు అతను దాన్ని ఆడగొర్రెల్లో వదిలాడు.

మామయ్య: వదలడా మరి? నీ ఫీజు కట్టాడు, మందులు కొన్నాడు, విత్తన పొట్టేలని పెంచుకున్నాడు. బతికినదాన్ని వంటకి పంపమంటావా?

మేనకోడలు: అవును.

మామయ్య: అంత తేలిగ్గా అనేశావే!

మేనకోడలు: తేలిగ్గా కాదు. నేను కొయ్యకపోతే ఆ పొట్టేలు ఆ సాయంత్రమే పోయేది, దాని గొంతు దానితోనే పోయేది. నేను కోశాను కాబట్టి దాని గొంతు ముప్పై నలభై పిల్లల్లోకి పోయింది. వాటిలో మంచి మొహమున్నవాటిని మళ్లీ పొట్టేళ్లుగా ఉంచుతారు. నా కత్తి ఒక జీవాన్ని కాపాడి మందకి అపకారం చేసిందేమో అని ఆలోచించకుండా ఎలా ఉండను?

మామయ్య: పిల్లల్లోకి పోయిందని ఎట్లా తెలుసు? తండ్రికి వచ్చింది కొడుకులకి వచ్చిందా? లెక్క చూపించు. ఆ గుణం ఎంత భాగం వంశపారంపర్యం, ఎంత భాగం మేత? ఆ లెక్క లేకుండా విత్తన పొట్టేళ్లని ఏరేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మంచి వంశాలు నాలుగు తగ్గుతాయి, మిగిలినవాటిలోనే దగ్గర సంబంధాలు కలుస్తాయి. ఒక లోపం పోగొట్టబోయి ఇంకో నాలుగు తెచ్చుకుంటావు. మన కాపరులకి మేం ఏం చెప్పేవాళ్లం? రెండేళ్లకోసారి పొట్టేల్ని మార్చండిరా, కూతుళ్ల మీదికి తండ్రిని వదలొద్దురా అని. అది చాలు.

మేనకోడలు: లెక్క ఎందుకు లేదంటే ఎవరూ రాయరు కాబట్టి. ఒక మందలో గొంతు రోగం ఉందని బయటికి తెలిస్తే ఆ మంద పొట్టేళ్లని ఎవరు కొంటారు? 2020 ఆగస్టులో లానార్క్ వేలంలో ఒక టెక్సెల్ పొట్టేలు పిల్ల 350,000 గినీలకి పోయింది. పౌండ్లలో 367,500. అప్పటి లెక్కన మన డబ్బుల్లో మూడున్నర కోట్లు. అప్పటికి గొర్రెకి ప్రపంచ రికార్డు అది. అంతకుముందు 2009లో అక్కడే ఇంకోటి 220,000 గినీలకి పోయింది. ఆ రెండింటి గొంతుల్లో లోపం ఉందని కాదు, వాటి సంగతి కాదు నేననేది. ధర అంత ఎత్తులో ఉన్న సంతలో జబ్బు మాట ఎవరైనా నోరెత్తి చెబుతారా అంటున్నాను. వేలం రింగులో ముందు చూసేది తలనే. వెడల్పు నుదురు, పొట్టి ముక్కు, నల్లటి మూతి, తెల్లటి మొహం. కడిగి, ఉన్ని కత్తిరించి, పెళ్లికొడుకులా నిలబెడతారు.

మామయ్య: తలకి ఎవడూ మూడున్నర కోట్లివ్వడు. వెనక తొడలకిస్తాడు. ఆ తొడలు ఊరికే రాలేదు. టెక్సెల్ కండ పెరగడానికి కారణం మయోస్టాటిన్ జీనులో చిన్న మార్పు అని 2006లో బెల్జియం వాళ్లు తేల్చారు, నేనూ చదివా. ఒక్క అక్షరం మారితే కండని అదుపులో పెట్టే ప్రొటీను తగ్గిపోయింది. ఆ పొట్టేల్ని మామూలు గొర్రెకి కలిపితే ప్రతి పిల్లలో మాంసం పెరుగుతుంది. బ్రిటన్‌లో కొండల మీద బతికే చిన్న రైతుకి అదే నాలుగు డబ్బులు. వాడి పిల్లలకి గొంతు రోగం వస్తోందా? వాడమ్మే పిల్ల ఆరేడు నెలలకే కోతకి పోతుంది. రోగం వచ్చేలోపే దాని ఆయువు తీరింది. మరి ఎవరి బాధ గురించి మాట్లాడుతున్నాం? నాలుగు గొప్ప మందల్లో నాలుగు పొట్టేళ్ల గురించి.

మేనకోడలు: మీరు నా వాదనే చేసిపెట్టారు మామయ్యా. కండ జీను వేరు, మొహం ఆకారం వేరు. మయోస్టాటిన్ మార్పు ముక్కుని పొట్టి చెయ్యదు. మొహం పొట్టిగా ఉండాలన్నది మనిషి కోరిక, రింగులో కూర్చున్న జడ్జీ కోరిక. తొడ ఉంచుకుని ముక్కు ఒక అంగుళం పొడుగు పెంచుకోవచ్చు. ఏ చిన్న రైతుకీ ఒక్క పెన్నీ తగ్గదు.

మామయ్య: ఉంచుకోవచ్చని నువ్వంటావు. తరతరాలుగా రెండింటినీ కలిపే ఏరారు. ఒకటి లాగితే రెండోది రాదని పూచీ ఏంది?

(ఇక్కడ మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు.)

మామయ్య: ఇంకొకటి. జాతిలో లోపం ఉంటే దాన్ని పట్టుకునే దారి కూడా ఉంది. న్యూజిలాండ్‌లో కొన్ని టెక్సెల్ పిల్లలు మామూలుగానే పుట్టి, కొన్ని వారాలకే కాళ్లు పొట్టిపడి, శ్వాసనాళం నొక్కుకుపోయి చచ్చిపోయేవి. వాటిని పరిశీలించి, ఏ జీనులో లోపమో కనుక్కున్నారు. ఇప్పుడు నెత్తురు చుక్కతో తెలిసిపోతుంది. ఇక్కడా అదే చెయ్యమను. టెస్టు వచ్చేదాకా తిట్టకుండా ఓపిక పట్టు.

మేనకోడలు: అది ఒక్క జీను లోపం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే పిల్లకి తగులుతుంది, లెక్క సూటిగా ఉంటుంది. గొంతు అలా కాదు. ఎన్నో జీన్లు, పైన మేపు, పైన వయసు. దానికి నెత్తురు చుక్క టెస్టు రాకపోవచ్చు. రాకపోయినా చెయ్యగలిగింది ఉంది. జబ్బుపడ్డ పొట్టేలు పేరు వంశావళి పుస్తకంలో ఒక గుర్తుతో రాయండి. పదేళ్లు రాస్తే మీరడిగిన లెక్క దానంతటదే వస్తుంది. రాయకుండా రుజువు లేదనడం ఏం న్యాయం?

మామయ్య మెత్తబడ్డాడనుకున్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కొత్త దారి పట్టాడు.

మామయ్య: నీకు గొంతు మీదే కోపం. మేలుజాతి గొర్రెలు తెచ్చే అసలు ప్రమాదం ఇంకా కిందుంది, ఊపిరితిత్తుల్లో. ఐస్‌లండ్ సంగతి గుర్తుందా? 1933లో జర్మనీలోని హాలె నుంచి 20 కారకుల్ గొర్రెల్ని కొన్నారు. ఉన్ని బాగుంటుందని, తోళ్లకి ధర వస్తుందని. దీవి మీద విడిగా ఉంచి చూశారు, ఒక్కటీ దగ్గలేదు. ఊళ్లకి పంచారు. వాటితో పాటు మూడు రోగాలు దిగాయి. ఊపిరితిత్తుల్ని బిగించే మేడి ఒకటి, గడ్డలు కట్టించే జాగ్‌సీక్తె ఒకటి, పేగుల్ని తినే జోన్స్ వ్యాధి ఒకటి. మేడి ఏళ్ల తరబడి లోపలే కూర్చుని ఆ తర్వాత బయటపడేది. ఊళ్లకి ఊళ్లు గొర్రెల్ని మొత్తం కోసేసి, కంచెలు కట్టి, రోగం సోకని వాయవ్యం నుంచి కొత్తవాటిని తెచ్చుకుంటే గానీ వదల్లేదు. చివరి మేడి కేసు 1965లో. నెమ్మది వైరస్‌లనే ఆలోచనే అక్కడి పరిశోధకుడు బ్యోర్న్ సిగుర్ద్‌సన్‌కి ఆ గొర్రెల్ని చూసి వచ్చింది. ముక్కు పొడుగు కొలుచుకుంటూ కూర్చుంటే ఇలాంటివి పక్కనుంచి పోతాయి.

మేనకోడలు: పోవు. వాటిని ఇప్పుడు చూస్తున్నాం. మేడికి రక్తపరీక్ష ఉంది, రోగం లేదని నమోదైన మందలున్నాయి. జాగ్‌సీక్తెకి రక్తపరీక్ష సరిగా పనిచెయ్యదు కానీ, ముందుకాలి చంకలో అల్ట్రాసౌండ్ పెట్టి గడ్డ కనిపెడుతున్నారు. ఎడిన్‌బరో పక్కన మోర్డన్ సంస్థ వాళ్లు దాని మీద చాలా పనిచేశారు. పాతవాళ్ల పరీక్షైతే మీకు తెలిసిందే, వెనక కాళ్లు పట్టి పైకెత్తితే ముక్కులోంచి నురగ నీళ్లు కారతాయి. నేనోసారి ఎత్తాను. బూట్లు తడిసిపోయాయి, ఎంతసేపటికీ ఆగలేదు.

మామయ్య: క్లోన్ గొర్రె డాలీ పోయింది దానితోనే గదా.

మేనకోడలు: దానితోనే. 2003 ఫిబ్రవరి 14న. ఆరేళ్లకే. క్లోనింగ్ వల్ల పోయిందని పత్రికలు రాశాయి, పోస్ట్‌మార్టంలో దొరికింది మామూలు గొర్రెల వైరస్ కట్టించిన గడ్డ. కానీ మామయ్యా, మీ ఐస్‌లండ్ కథ కూడా నా వైపే మాట్లాడుతోంది. ఆ 20 గొర్రెల్నీ దేన్ని చూసి కొన్నారు? పేరు చూసి, తోలు చూసి. లోపల ఏముందో ఎవరికి తెలుసు? బయట అందంగా ఉన్నది లోపల బాగుంటుందనుకున్నారు. లానార్క్‌లో రింగు చుట్టూ నిలబడ్డవాళ్లూ అంతే.

మామయ్య: కొనేవాడు కళ్లతోనే కొంటాడు. అది మార్చలేవు. పలమనేరు ఫారంలో నెల్లూరు గొర్రెకి డోర్సెట్, సఫోక్ పొట్టేళ్లని కలిపి చూశారు, మాంసం పెరుగుతుందని. కాగితం మీద బాగుంది. మా కాపరి ఏం చూశాడు? ఎండలో పది మైళ్లు నడవాలి, కాళ్లు పొడుగుండాలి, మెడ ఎత్తి తుమ్మకాయ అందుకోవాలి. వాడికి జోడిపే నచ్చింది. ఇవాళ మా జిల్లా దొడ్లలో ఏముందో పోయి చూడు. జాతిని నిలబెట్టేది బ్రీడ్ సొసైటీ కాదు, పుస్తకం కాదు, పెంచేవాడి అవసరం.

మేనకోడలు: మీ కాపరి గొర్రెతో నడుస్తాడు. నడవలేని గొర్రెని ఆ సాయంత్రమే గుర్తుపడతాడు. అక్కడ పొట్టేలు నడిచేది ట్రక్కు నుంచి దొడ్డి దాకా, దొడ్డి నుంచి రింగు దాకా. అంత దూరం వాచిన గొంతుతో కూడా నడవగలదు. మీరు చెప్పిన అవసరం అక్కడ పనిచెయ్యడం లేదు.

మామయ్య ఆలోచించాడు. ఆయన ఒప్పుకున్నాడని అనను. మేనకోడలి మీద వాదనతో గెలవలేనప్పుడు ఆయన వృత్తి ప్రశ్న వేస్తాడు, పాత ఆఫీసరు కదా.

మామయ్య: సరే. ఆ గొట్టం పెట్టిన పొట్టేలు మళ్లీ సెప్టెంబరుకి కెల్సో పొట్టేళ్ల సంతకి వచ్చిందనుకో. కొనబోయేవాడు కూడా నీ దగ్గరికి వచ్చే రైతే. వాడికి చెబుతావా?

మేనకోడలు: చెప్పకూడదు. ఒక రైతు జీవం సంగతి ఇంకొకరి దగ్గర అతని అనుమతి లేకుండా అంటే నా రిజిస్ట్రేషన్ మీదికి వస్తుంది.

మామయ్య: మరి ఇంతసేపూ నన్ను చంపావే! నువ్వే దాస్తున్నావు గదా.

మేనకోడలు: నేను దాస్తున్నాననే గదా పుస్తకంలో రాయమంటున్నాను. నా నోరు కట్టేసినా పుస్తకం నోరు కట్టక్కర్లేదు.

మామయ్య: అది వచ్చేదాకా?

మేనకోడలు: కొనేవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. పొట్టేలు పళ్లు చూసి, వృషణాలు తడిమి, వెన్ను నొక్కి ఊరుకోవద్దు. దొడ్లోంచి బయటికి తీయించి, నాలుగు అంగలు ఉరికించి, పక్కన నిలబడి వినండి. పీల్చేటప్పుడు చప్పుడు వస్తే వదిలెయ్యండి. మెడ కింద ఉన్నిలో వేలు పెట్టి చూడండి, పాత కుట్టు గట్టిగా తగులుతుంది.

మామయ్య: సంతలో ఎవడు ఉరికించనిస్తాడు?

మేనకోడలు: చాలామంది ఉరికించనివ్వరు.

మామయ్య: పాత కుట్టు సంగతి చెప్పావంటే ఆ పొట్టేలు గురించి చెప్పకనే చెప్పినట్టు.

మేనకోడలు: అందుకే ఒక్కడికి కాకుండా అందరికీ ఒకేసారి చెప్పాలని. మా ప్రాక్టీసువాళ్లు వచ్చే నెల రైతుల మీటింగు పెడుతున్నారు, నట్టల మందుల మీద మాట్లాడమన్నారు. చివర పది నిమిషాలు గొంతుకి ఇమ్మని అడిగాను. ఆలోచించి చెబుతామన్నారు.

మామయ్య: ఇవ్వకపోతే?

మేనకోడలు: నట్టల మందు గురించే మాట్లాడతాను. డ్రెంచింగ్ గన్ గొంతులో ఎక్కడిదాకా పెట్టాలో చూపించాలి కదా. అక్కడినుంచి స్వరపేటిక ఎంతో దూరం లేదు.